కొత్త బ్రేకులు వేసినా పెడల్ ఎందుకు కొట్టుకుంటుంది?

అరిగిపోయిన బ్రేకుల స్థానంలో కొత్త డిస్కులు, కొత్త ప్యాడ్లు వేయించుకున్న కారు కొన్ని వారాలపాటు ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తుంది. ఆ తర్వాత ఒకరోజు హైవేపై వేగం తగ్గించేందుకు బ్రేకు తొక్కగానే పెడల్ కాలి కింద నాడిలా కొట్టుకోవడం మొదలవుతుంది. యజమాని వర్క్‌షాపుకు తిరిగి వెళ్తే తరచూ వినిపించే సమాధానం ఒక్కటే: డిస్క్ బెండ్ అయింది, మరో జత వేయాలి. మరో జత వేసినా కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత అదే బాధ తిరిగి వస్తుంది. డబ్బు రెండుసార్లు ఖర్చవుతుంది. అనుమానం ఒకసారి విడిభాగం నాణ్యత మీదికి, మరోసారి మెకానిక్ నిజాయితీ మీదికి మళ్లుతుంది. చాలా సందర్భాల్లో అసలు లోపం కొత్త డిస్కులో ఉండదు. దానిని ఏ తలంపై కూర్చోబెట్టారో ఆ తలంలో, దానిని బిగించిన తీరులో ఉంటుంది.

పుదుచ్చేరిలోని కదిర్కామం ప్రాంతంలో కార్లు నడిచే పరిస్థితులను చూస్తే ఈ విషయం తేలికగా అర్థమవుతుంది. ఇందిరాగాంధీ వైద్య కళాశాల ఉన్న ఈ ప్రాంతంలో వళుదావూర్ రోడ్డు మీద పగలంతా ఆగుతూ, కదులుతూ సాగే ప్రయాణమే ఎక్కువ. సెలవు రోజుల్లో అవే కార్లు సుమారు 150 కిలోమీటర్ల దూరంలోని చెన్నైకి హైవే వేగంతో వెళ్తాయి. ఇదే కేంద్రపాలిత ప్రాంతానికి చెంది, గోదావరి డెల్టాలో 800 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న యానాం నుంచి వైద్యం కోసం, ప్రభుత్వ కార్యాలయాల పనుల కోసం వచ్చే తెలుగు కుటుంబాలకూ పుదుచ్చేరి పరిచయమైన పట్టణమే. ఈ రెండు చోట్లా సముద్రం దగ్గరే. గాలిలో ఉప్పు, తేమ ఎక్కువ. వీటికి వానాకాలం తోడవుతుంది. 2024 నవంబరు 30 రాత్రి ఫెంగల్ తుపాను పుదుచ్చేరి సమీపంలో తీరం దాటినప్పుడు పట్టణంలో ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు పైగా వర్షం కురిసింది. అలాంటి సమయంలో చక్రాల వరకు నీటిలో నిలిచిన కార్లలో ముందుగా తుప్పు పట్టేది పోత ఇనుముతో చేసిన బ్రేకు డిస్కులకు, డ్రమ్ములకు, అవి ఆనుకుని కూర్చునే హబ్బులకు.

అర మిల్లీమీటరు కథ

పెడల్ ఎందుకు కొట్టుకుంటుందో తెలియాలంటే బ్రేకు పనిచేసే విధానాన్ని ఒకసారి గుర్తు చేసుకోవాలి. బంధించిన ద్రవంలో ఒకచోట కలిగించిన పీడనం అన్ని వైపులకూ సమానంగా వ్యాపిస్తుందని ఫ్రెంచి శాస్త్రవేత్త బ్లేజ్ పాస్కల్ 17వ శతాబ్దంలో వివరించారు. కారు బ్రేకు ఆ సూత్రం మీదే ఆధారపడింది. కాలితో పెడల్ నొక్కితే మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్ బ్రేకు ఆయిల్‌ను నెడుతుంది. ఆ పీడనం గొట్టాల ద్వారా చక్రం దగ్గరి క్యాలిపర్‌కు చేరి, అక్కడి పెద్ద పిస్టన్‌ను కదిలిస్తుంది. పిస్టన్ ప్యాడ్లను తిరుగుతున్న డిస్కుకు అదిమి పెడుతుంది.

ఈ మార్గం రెండు వైపులా పనిచేస్తుంది. డిస్కులో ఒకచోట మందం కాస్త ఎక్కువగా ఉంటే, ఆ భాగం ప్యాడ్ల మధ్యకు వచ్చినప్పుడల్లా పిస్టన్‌ను వెనక్కి నెడుతుంది. పిస్టన్ ఆయిల్‌ను వెనక్కి తోస్తుంది. ఆ తోపు పెడల్ వరకు వచ్చి కాలికి తగులుతుంది.

ఎంత చిన్న తేడా ఎంత పెద్దదిగా తెలుస్తుందో స్థూలంగా లెక్క వేయవచ్చు. ఒక చిన్న కారులో క్యాలిపర్ పిస్టన్ వ్యాసం 54 మిల్లీమీటర్లు, మాస్టర్ సిలిండర్ వ్యాసం సుమారు 20 మిల్లీమీటర్లు అనుకుంటే వాటి వైశాల్యాల నిష్పత్తి దాదాపు 7. పెడల్ మీట కారణంగా కదలిక మరో 4 రెట్లు పెరుగుతుంది. డిస్కు మందంలో తేడా 0.02 మిల్లీమీటరు మాత్రమే ఉన్నా, పెడల్ దగ్గర అది అర మిల్లీమీటరుకు పైగా కదలిక అవుతుంది. తల వెంట్రుకలో మూడో వంతు కూడా లేని తేడా ఇలా అరికాలికి స్పష్టంగా తెలుస్తుంది.

చక్రం ఒకసారి తిరిగితే చిన్న కారు సుమారు 1.85 మీటర్లు ముందుకు వెళ్తుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు దాదాపు 9 సార్లు తిరుగుతుంది. మందపు భాగం ఒక్కటే ఉంటే పెడల్ కూడా సెకనుకు 9 సార్లు కొట్టుకుంటుంది. వేగం తగ్గేకొద్దీ కొట్టుకోవడం కూడా నెమ్మదిస్తుంది. రోగ నిర్ధారణలో ఇది మొదటి ఆనవాలు. కుదుపుల వేగం చక్రం వేగాన్ని అనుసరిస్తోందంటే లోపం చక్రంతో పాటు తిరిగే భాగంలోనే ఉన్నట్లు భావించాలి.

కొత్త డిస్కుకు ఆ తేడా ఎలా వస్తుంది?

కొత్త డిస్కు సాధారణంగా సమానమైన మందంతోనే వస్తుంది. కాబట్టి తేడా తర్వాత ఏర్పడాలి. అది ఏర్పడే దారులు రెండు.

మొదటిది, డిస్కు వంకరగా కూర్చోవడం. పాత డిస్కును సుత్తితో కొట్టి ఊడదీసినప్పుడు హబ్బు ముఖం మీద తుప్పు పొలుసులు మిగిలిపోతాయి. వాటిని తుడవకుండా కొత్త డిస్కు తొడిగితే అది పొలుసు మీద ఒక పక్కకు ఒరిగి కూర్చుంటుంది. హబ్బు ముఖం వ్యాసం 140 మిల్లీమీటర్లు అనుకుందాం. దాని అంచున 0.05 మిల్లీమీటరు మందమున్న పొలుసు ఉంటే, 240 మిల్లీమీటర్ల వ్యాసం దగ్గర, అంటే ప్యాడ్లు తాకే చోట, డిస్కు దాదాపు 0.09 మిల్లీమీటరు అటూ ఇటూ ఊగుతుంది. ఈ ఊగులాటనే వర్క్‌షాపులో రనౌట్ అంటారు. చాలా కార్లకు తయారీ సంస్థలు అనుమతించే రనౌట్ 0.05 నుంచి 0.10 మిల్లీమీటరు వరకే. అంటే కంటికి కూడా సరిగా కనిపించని ఒక్క పొలుసు మొత్తం పరిమితిని మింగేయగలదు.

ఇలా ఊగే డిస్కు మొదటిరోజే పెడల్‌ను కొట్టకపోవచ్చు. క్యాలిపర్ దాని ఊగులాటతో పాటు జరుగుతూ సర్దుకుంటుంది. బ్రేకు తొక్కని సమయంలో మాత్రం డిస్కులోని ఒకే భాగం ప్రతి చుట్టులోనూ ప్యాడ్‌ను రాసుకుంటూ పోతుంది. కిలోమీటరుకు 500 సార్లకు పైగా జరిగే ఈ రాపిడి వల్ల ఆ భాగం నెమ్మదిగా అరుగుతుంది. అరగని భాగం మందంగా మిగులుతుంది. కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత తేడా కాలికి తెలిసే స్థాయికి చేరుతుంది. బిగించిన రోజున పుట్టిన లోపం నెలల తర్వాత బయటపడుతుంది కాబట్టి, రెండింటికీ ఉన్న సంబంధం యజమానికీ మెకానిక్‌కూ తట్టదు. డిస్కే నాసిరకం అన్న నిర్ణయానికి ఇద్దరూ వస్తారు. అదే హబ్బు మీద మరో డిస్కు ఎక్కుతుంది. అదే కథ మళ్లీ మొదలవుతుంది.

రెండో దారి, ప్యాడ్ పదార్థం డిస్కు మీద ఎగుడుదిగుడుగా అంటుకోవడం. కొత్త ప్యాడ్లు సరిగా పనిచేయాలంటే వాటి పదార్థంలో పలుచని పొర డిస్కు ముఖమంతా సమానంగా పరుచుకోవాలి. కొత్త బ్రేకులు వేసిన వెంటనే గట్టిగా తొక్కి ఆపి, వేడెక్కిన డిస్కును సిగ్నల్ దగ్గర పెడల్ అదిమిపట్టి నిలిపి ఉంచితే ప్యాడ్ ఉన్నచోటే పదార్థం అచ్చు పడుతుంది. ఆ మచ్చ మీద పట్టు వేరుగా, మిగతా చోట వేరుగా ఉంటుంది. ఆ తేడా క్రమంగా కుదుపుగా మారుతుంది. వేడికి డిస్కు బెండ్ అయిందని చెప్పే సందర్భాల్లో చాలావాటి వెనుక నిజంగా ఉండేది ఈ మచ్చలు, లేదా రనౌట్ వల్ల ఏర్పడిన మందం తేడాలే.

ఎప్పుడు మొదలైందన్నదే మొదటి ప్రశ్న

వైద్యుడు జ్వరం ఎన్నాళ్లుగా ఉందని అడిగినట్లే, మెకానిక్ కూడా కుదుపు ఎప్పుడు మొదలైందో ముందుగా అడగాలి.

భాగాలు మార్చిన రోజే కుదుపు కనిపిస్తే డిస్కు, హబ్బుల మధ్య మురికి ఎక్కువగా ఉండటం, చక్రం నట్లు అసమానంగా బిగించడం, రవాణాలో కిందపడి డిస్కు దెబ్బతినడం, కొత్త డిస్కు మీద తుప్పు పట్టకుండా పూసిన నూనెను తుడవకపోవడం వంటి కారణాలను చూడాలి. కొన్ని వందల కిలోమీటర్ల లోపే వస్తే కొత్త ప్యాడ్లను సరిగా అలవాటు చేయలేదేమోనని అనుమానించాలి. కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత వస్తే రనౌట్ వల్ల పుట్టిన మందం తేడా ప్రధాన అనుమానితం. కారు చాలా రోజులు వాననీటిలోనో, తేమలోనో కదలకుండా ఉన్న తర్వాత మొదలైతే ప్యాడ్ కింద ఉన్న భాగానికీ మిగతా భాగానికీ తుప్పు వేర్వేరుగా పట్టి ఉండవచ్చు. ఒక రాత్రి వానకు డిస్కు మీద పట్టే పలుచని ఎర్రటి తుప్పు మాత్రం నాలుగైదు సార్లు బ్రేకు తొక్కేసరికి పోతుంది. దానికి కంగారు అవసరం లేదు.

రోడ్డు మీద పరీక్ష

తర్వాతి అంచె ఖాళీ రోడ్డు మీద జాగ్రత్తగా నడిపి చూడటం. వెనుక వాహనాలు లేని చోట 60 నుంచి 70 కిలోమీటర్ల వేగంలో పెడల్‌ను మృదువుగా తొక్కి గమనించాలి.

బ్రేకు తొక్కకపోయినా ఒక నిర్దిష్ట వేగంలో స్టీరింగ్ వణుకుతుంటే అది బ్రేకుల లోపం కాదు. చక్రాల బ్యాలెన్సింగ్‌ను, టైర్లను చూడాలి. బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే పెడల్‌తో పాటు స్టీరింగ్ కూడా అదిరితే ముందు చక్రాల డిస్కుల మీద దృష్టి పెట్టాలి. పెడల్ కొట్టుకుంటూ స్టీరింగ్ నిలకడగా ఉండి, సీటు కింద కుదుపు తెలిస్తే వెనుక చక్రాలను పరీక్షించాలి. చిన్న కార్లలో అత్యధిక భాగానికి వెనుక డ్రమ్ము బ్రేకులే ఉంటాయి. ముందు డిస్కులు మార్చి, వెనుక డ్రమ్ములను చూడకుండా వదిలేయడం సాధారణంగా జరిగే పొరపాటు. గుండ్రదనం కోల్పోయిన డ్రమ్ము కూడా పెడల్‌ను కొడుతుంది.

వెనుక చక్రాలను విడిగా పరీక్షించడానికి ఒక పాత పద్ధతి ఉంది. మీటతో పనిచేసే హ్యాండ్ బ్రేకు ఉన్న కారులో, పూర్తిగా ఖాళీగా ఉన్న చోట, గంటకు 30 కిలోమీటర్లకు మించని వేగంలో, లాక్ బొత్తాం నొక్కిపట్టి మీటను కొద్దికొద్దిగా లాగి చూడాలి. అదే కుదుపు వస్తే లోపం వెనుక ఉన్నట్లు. తడి రోడ్డు మీద, వాహనాల మధ్య, ఎలక్ట్రానిక్ పార్కింగ్ బ్రేకు ఉన్న కార్లలో ఈ పరీక్ష చేయకూడదు.

ఏబీఎస్ కొట్టే కుదుపు వేరు

పెడల్ కొట్టుకునే ప్రతిసారీ అది లోపమే కానవసరం లేదు. చక్రాలు జారిపోకుండా కాపాడే ఏబీఎస్ పనిచేసినప్పుడు కూడా పెడల్ వేగంగా అదురుతుంది. ఎలక్ట్రానిక్ నియంత్రణతో ఈ వ్యవస్థను బాష్ సంస్థ అభివృద్ధి చేయగా, 1978లో మెర్సిడెస్ బెంజ్ ఎస్ క్లాస్ కారులో ప్రవేశపెట్టారు. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నింటికీ ఇది తప్పనిసరి అయింది. ఏబీఎస్ లేని పాత కారు నుంచి కొత్త కారుకు మారినవారు మొదటిసారి ఈ అదురు తగలగానే బ్రేకు చెడిందనుకుని కాలు తీసేయడం ప్రమాదకరం. అత్యవసరంగా ఆపాల్సి వచ్చినప్పుడు పెడల్ అదిరినా గట్టిగా తొక్కి ఉంచాలి.

రెండింటి మధ్య తేడాను ఇలా గుర్తించవచ్చు. ఏబీఎస్ అదురు గట్టిగా తొక్కినప్పుడు, లేదా ఇసుక, నీరు, గుంతలు ఉన్న రోడ్డు మీద మాత్రమే వస్తుంది. దానితో పాటు బానెట్ కింద నుంచి గరగరమనే శబ్దం వినిపిస్తుంది. డిస్కు తేడా వల్ల వచ్చే కుదుపు మృదువుగా తొక్కినా వస్తుంది, చక్రం వేగాన్ని బట్టి మారుతుంది.

మధ్యేమార్గంగా మరో లోపం కూడా ఉంది. బ్రేకులతో పాటు చక్రం బేరింగును మార్చినప్పుడు, వేగాన్ని కొలిచే సెన్సర్ మీద ఇనుప రజను చేరినా, పళ్ల చక్రం పగిలినా ఏబీఎస్‌కు తప్పుడు సమాచారం వెళ్తుంది. అప్పుడు పొడి రోడ్డు మీద కారు ఆగబోయే చివరి క్షణాల్లో, మెల్లగా తొక్కినప్పుడు కూడా పెడల్ అదురుతుంది. దీనిని స్కానర్‌తో నాలుగు చక్రాల వేగాలనూ పోల్చి చూసి నిర్ధారించాలి. ఇలాంటి కారుకు ఎన్ని డిస్కులు మార్చినా ఫలితం ఉండదు.

చక్రం విప్పిన తర్వాత కొలతే సాక్ష్యం

రోడ్డు పరీక్షలో ఏ చక్రం మీద అనుమానమో తేలాక, విప్పడానికి ముందే నట్ల బిగింపును చూడాలి. గాలి గన్‌తో ఒక నట్టును పూర్తిగా, మరోదాన్ని కొద్దిగా బిగిస్తే డిస్కు మధ్యభాగం అసమానంగా లాగబడి ముఖం వంగుతుంది. చిన్న కార్ల నట్లకు సాధారణంగా 85 నుంచి 120 న్యూటన్ మీటర్ల మధ్య బిగింపును తయారీ సంస్థలు సూచిస్తాయి. ఏ కారుకు ఎంతో దాని మాన్యువల్‌లో ఉంటుంది. ఎదురెదురు నట్లను నక్షత్రం ఆకారంలో, రెండు మూడు విడతలుగా టార్క్ రెంచ్‌తో బిగించాలి. భాగాలు మార్చిన రోజే మొదలైన కుదుపు కొన్నిసార్లు ఈ ఒక్క పనితోనే పోతుంది.

తర్వాత చక్రం తీసి, డిస్కును అన్ని నట్లతోనూ హబ్బుకు సమానంగా బిగించాలి. చక్రాన్ని చేత్తో ఊపినప్పుడు బేరింగులో ఆట ఉందేమో ముందే చూసుకోవాలి. బేరింగు వదులుగా ఉంటే మిగిలిన కొలతలేవీ నమ్మదగినవి కావు. అయస్కాంత స్టాండు మీద అమర్చిన డయల్ గేజ్ ముల్లును డిస్కు అంచుకు సుమారు 10 మిల్లీమీటర్లు లోపల ఆనించి, డిస్కును నెమ్మదిగా ఒక చుట్టు తిప్పాలి. ముల్లు కదిలిన మొత్తం దూరమే రనౌట్.

ఆ తర్వాత మైక్రోమీటరుతో డిస్కు చుట్టూ సమాన దూరంలో 8 చోట్ల మందాన్ని కొలవాలి. ఎక్కువకూ తక్కువకూ మధ్య తేడా 0.01 నుంచి 0.02 మిల్లీమీటరు దాటితే కుదుపుకు కారణం దొరికినట్లే. సాధారణ వెర్నియర్ కాలిపర్ ఇందుకు పనికిరాదు. అరిగిన డిస్కు అంచున మిగిలే గట్టు మీద దాని దవడలు ఆనుతాయి, అంత చిన్న తేడాను అది నమ్మకంగా చూపలేదు.

ఉదాహరణకు ఒక కారు కుడి ముందు డిస్కు రనౌట్ 0.14 మిల్లీమీటరు వచ్చిందనుకుందాం. ఎక్కువ ఊగిన చోట డిస్కు మీద, దానికి ఎదురుగా ఉన్న హబ్బు బోల్టు మీద సుద్దతో గుర్తు పెట్టి డిస్కును ఊడదీయాలి. హబ్బు ముఖాన్ని, డిస్కు లోపలి ముఖాన్ని ఇనుప బ్రష్షుతో, ఎమరీ కాగితంతో మెరిసే లోహం కనిపించే వరకు శుభ్రం చేయాలి. బోల్టుల మొదళ్ల చుట్టూ పేరుకునే తుప్పును మరిచిపోకూడదు. ఏబీఎస్ సెన్సర్ మీద రజను పడకుండా కప్పి ఉంచాలి. తిరిగి బిగించి కొలిస్తే రనౌట్ 0.04కు దిగిందంటే దోషి తుప్పు అని తేలినట్లే. దిగకపోతే డిస్కును ఒక బోల్టు పక్కకు జరిపి బిగించి మళ్లీ కొలవాలి. ఎక్కువ ఊగిన చోటు డిస్కు గుర్తుతో పాటు జరిగితే లోపం డిస్కులో, హబ్బు గుర్తు దగ్గరే ఉండిపోతే హబ్బులో లేదా బేరింగులో ఉన్నట్లు.

ఈ పరీక్షకు పట్టే సమయం కొద్దిసేపే. డయల్ గేజ్, స్టాండు కలిపినా వాటి ధర సాధారణంగా ఒక చిన్న కారు డిస్కుల జత కంటే ఎక్కువేమీ కాదు.

దిద్దుబాటు

రనౌట్ సరిచేసినా, అప్పటికే ఏర్పడిన మందం తేడా దానంతట అది పోదు. తేడా కొద్దిగా ఉంటే డిస్కును లేత్ పట్టించవచ్చు. కారు మీదే బిగించి ఉన్న స్థితిలో తిరగలిపట్టే యంత్రం ఉంటే హబ్బులోని స్వల్ప లోపం కూడా అందులో కలిసి సరిపోతుంది. లేత్ పట్టించిన తర్వాత డిస్కు మందం, దాని మీద ముద్రించిన కనిష్ఠ మందం కంటే తగ్గకూడదు. తగ్గితే మార్చక తప్పదు. పలుచబడిన డిస్కు వేడిని తట్టుకోలేదు. డిస్కులను ఎప్పుడూ ఒకే ఇరుసు మీద రెండు వైపులా కలిపి చూసుకోవాలి.

క్యాలిపర్ జారే పిన్నులు ఉప్పు గాలికి బిగుసుకుపోతే ప్యాడ్లు డిస్కును వదలవు. ఒకవైపే వేడి పెరిగి మచ్చలు ఏర్పడతాయి. పిన్నులను తీసి శుభ్రం చేసి, బ్రేకుల కోసమే తయారైన గ్రీజు రాయాలి. సాధారణ గ్రీజు రాస్తే రబ్బరు తొడుగులు ఉబ్బిపోతాయి.

కొత్త ప్యాడ్లకు అలవాటు కల్పించడం చివరి అంచె. ముందుగా కారు కదిలించకుండానే పెడల్ గట్టిపడే వరకు పలుమార్లు తొక్కాలి. తర్వాత ఖాళీ రోడ్డు మీద గంటకు 50 నుంచి 60 కిలోమీటర్ల వేగం నుంచి 10 వరకు మధ్యస్థంగా తొక్కి తగ్గించాలి. పూర్తిగా ఆపకుండా మళ్లీ వేగం పెంచాలి. మధ్యలో కొంత దూరం బ్రేకు తొక్కకుండా నడిపి చల్లబరుస్తూ, ఇలా 10 సార్లు చేయాలి. ప్యాడ్ల తయారీ సంస్థ వేరే పద్ధతి సూచిస్తే దానినే పాటించాలి. మొదటి 200, 300 కిలోమీటర్ల వరకు అత్యవసరమైతే తప్ప గట్టిగా తొక్కకపోవడం మంచిది.

తుపాను రోజుల్లోనో, సెలవులకు యానాం వెళ్లినప్పుడో కారును ఎక్కువ రోజులు ఆపి ఉంచాల్సి వస్తే, సమతలమైన చోట గేరులో ఉంచి, చక్రాలకు అడ్డు కర్రలు పెట్టి, హ్యాండ్ బ్రేకు వదిలేయడం మేలు. ఇలా చేస్తే వెనుక బ్రేకు లైనర్లు డ్రమ్ముకు తుప్పుతో అతుక్కుపోవు. నీరు నిండిన వీధి దాటాక మెల్లగా వెళ్తూ పెడల్‌ను తేలికగా రెండు మూడు సార్లు తొక్కి బ్రేకులను ఆరబెట్టుకోవాలి.

ఆగాల్సిన సమయం

కొట్టుకునే పెడల్‌తో కారు ఆగుతుంది కదా అని నెలల తరబడి నడపడం సరికాదు. చేతికి, కాలికి అలవాటైన కుదుపు అసలు ప్రమాద సంకేతాలను కప్పేస్తుంది. పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంటే గొట్టాల్లో గాలి చేరినట్లో, ఆయిల్ కారుతున్నట్లో భావించాలి. తొక్కినప్పుడు కారు ఒక పక్కకు లాగినా, లోహం గీసుకునే శబ్దం వచ్చినా, మీటరు బోర్డు మీద ఎర్రటి బ్రేకు దీపం వెలిగినా ప్రయాణం కొనసాగించకూడదు. ఇవి కుదుపు కంటే తీవ్రమైన లోపాలు. కొత్త డిస్కుతో వాటికి పరిష్కారం దొరకదు.

మరమ్మతు చేయించుకునేవారు వర్క్‌షాపులో మూడు విషయాలు అడగడం వారి హక్కు. హబ్బు శుభ్రం చేశారా, రనౌట్ ఎంత వచ్చింది, నట్లను ఎంత బిగింపుతో బిగించారు. ఈ మూడింటినీ బిల్లు మీద లేదా జాబ్ కార్డు మీద రాయించుకుని, తీసేసిన పాత భాగాలను తిరిగి తీసుకుంటే తర్వాత వివాదానికి తావుండదు. సేవాలోపం జరిగిందని భావించినవారు వినియోగదారుల పరిరక్షణ చట్టం, 2019 కింద ఫిర్యాదు చేయవచ్చు. జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915 నంబరుకు ఫోన్ చేసి సలహా పొందవచ్చు. అయితే కొలత రాసి ఉన్న కాగితం మెకానిక్‌కూ రక్షణే. తాను హబ్బు తుడిచి, కొలిచి, సరిగా బిగించానని అది చెబుతుంది. కుదుపు మళ్లీ వస్తే వెతకాల్సిన చోటు ఎక్కడో ఇద్దరికీ చూపుతుంది.